మా గల్లీకి హై వోల్టేజీ తెచ్చిన మీటరు

వినాయక చవితికి ముందురోజు, పట్టపగలు, హైదరాబాదు ధూల్‌పేట్‌లో ఒక గల్లీ గల్లీయే కరెంటు ఉండి కూడా ఉక్కపోతలో కూర్చుంది. ఒక్క వైరైనా తెంపకుండా ఆ ఘనకార్యం చేసింది ఎవరో కాదు, నేనే.

అప్పట్లో నాకు పాత రేడియోలు బాగుచేసే పిచ్చి ఉండేది. రేడియోలు బాగుపడేవి కావు గానీ పిచ్చి మాత్రం బాగానే ఉండేది. అందుకు వోల్టేజీ కొలిచే మల్టీమీటరొకటి కావాలి, చవకగా ఉండాలి. దుకాణంలో ఖాదర్ భాయ్ రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి నల్లగా, సాదాగా ఉంది. రెండోది పచ్చగా మెరుస్తూ, తిప్పే మీట చుట్టూ పెళ్లి విస్తట్లో వంటకాల్లా బోలెడు గుర్తులతో ఉంది.

“సాబ్, మీ పనికి నల్లది మస్తయితది. పచ్చది షోకేసుల ఎన్నడో పెట్టిన మాల్.”

“రేటు ఒకటే అయినప్పుడు తక్కువ గుర్తులది ఎందుకు భాయ్? పచ్చదే ఇయ్యి.”

“ఆప్‌కీ మర్జీ,” అని మీ ఇష్టమన్నట్టు పచ్చదే చేతిలో పెట్టాడు.

పైగా పచ్చదాని తెర మూలన చిన్న బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది. నల్లదానిలో అది లేదు. ఇదో అదనపు హంగు కాబోలని మురిసిపోయాను.

ఇంటికొచ్చి ప్లగ్గులో పెట్టి చూద్దును కదా, మూడు వందల పన్నెండు! రెండు వందల ముప్పై దగ్గర ఉండాల్సిన వోల్టేజీ అది. పక్కనే విగ్రహాలు చేసే కిషన్ భాయ్ షెడ్డులోకి పరుగెత్తాను. కంప్రెసరుతో రంగు కొడుతున్నాడు, రెండు ఫ్యాన్లు గణపతిని ఆరబెడుతున్నాయి.

“భాయ్, బంద్ చెయ్! హై వోల్టేజీ!”

“అరె, సాయంత్రం ఫలక్‌నుమా పోరగాండ్లు లారీ తోలుకొని వస్తరు సాబ్! తొండం తడిగనే ఉన్నది, బొజ్జకు ఇంకా రంగే వెయ్యలే.”

“మోటరు కాలిపోతే బొజ్జకు దేంతోటి కొడ్తవ్?”

కిషన్ భాయ్ స్విచ్చి కట్టేశాడు. నా కేకకు గల్లీలో ఫ్రిజ్జులు, కూలర్లు, మిక్సీలు వరుసగా మూగబోయాయి. మీటరు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఎక్కడ చూసినా అదే అంకె.

“సారు ఉన్నడు కాబట్టి బతికినం!” అంది ఎదురింటి యాదమ్మ.

ఆ క్షణాన నా ఛాతీ కొలవడానికి ఆ మీటరులో ఏ గుర్తూ సరిపోయేది కాదు.

అప్పుడు మా ఆవిడ సుజాత బయటికొచ్చింది. సీరియల్ ఆగిపోయిందేమో, రిమోటు ఇంకా చేతిలోనే ఉంది.

“గా మిషిన్ నిజమే చెప్తుందని ఏంది గ్యారంటీ?”

“గ్యారంటీనా? ఇగో, నీ కండ్లతోని చూడు!” అని ఆ రిమోటులోంచే ఒక సెల్లు తీసి, గల్లీ అంతా చూస్తుండగా మీటరు వైర్లు ఆనించాను. రెండు పాయింట్ ఒకటి వచ్చింది.

సుజాత సెల్లు తిప్పి చూసింది. “దీని మీద ఒకటిన్నర అని ఉన్నది.”

కిషన్ భాయ్ మీటరులోకి తొంగిచూసి అడిగాడు: “అంటే రిమోట్లకు గూడ హై వోల్టేజీ వచ్చిందా సాబ్?”

“ఈ బ్యాటరీ బొమ్మ ఏంది?” అంది సుజాత.

“అది... అదనపు...”

“చార్జింగ్ అయిపోతె నా ఫోన్ల గూడ గిట్లనే వస్తది.”

అదీ సంగతి, పాఠకులారా! లోపలి బ్యాటరీ నీరసించి మీటరు ప్రతిదాన్నీ ఎక్కువ చేసి చెబుతోంది, అచ్చం యజమానిలాగే.

“నిలబడ్డవేంది సాబ్!” అని కిషన్ భాయ్ కంప్రెసరు మీదికి ఉరికాడు. “లారీ వచ్చే యాళ్లయింది. ఇంటింటికీ పోయి ఫ్యాన్లు తే!”

ఇందాక ఏ ఇళ్లలో కట్టేయించానో ఆ ఇళ్లకే వెళ్లి టేబులు ఫ్యాన్లు అడుక్కొచ్చాను. యాదమ్మ ఇచ్చింది గానీ, “కొలిచి తీస్కపో సారూ” అని చురక కూడా వేసింది. బొజ్జ చుట్టూ ఫ్యాన్లను కాపలా పెట్టి, చాలనిచోట నేనే అట్టముక్కతో విసిరాను. లారీ ముందు డప్పులు గల్లీ మలుపు తిరిగేసరికి కిషన్ భాయ్ బొజ్జ మీద వేలు పెట్టి చూశాడు. తడి అంటలేదు!

“బొజ్జ మస్తు మెరుస్తుంది భాయ్! ఏం రంగేసినవ్?” అడిగారు ఫలక్‌నుమా కుర్రాళ్లు.

“రంగుదేమున్నది తమ్మీ, మా సాబ్ చేతిగాలి!”

లారీ కదులుతుంటే ఆ బొజ్జను చూసుకుని పొంగిపోయాను. అంత నున్నగా ఆరిన బొజ్జ ఆ ఏడాది ఊరేగింపులో ఇంకొకటి ఉండి ఉండదని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. దాని సాక్షిగా ప్రమాణం చేశాను: ముందు మీటరును పరీక్షించకుండా గల్లీని పరీక్షించను, ఫ్యాను కట్టేయమని ఈ జన్మలో ఎవరినీ అడగను.

అడిగినా మా గల్లీలో ఇప్పుడెవరూ కట్టేయరనుకోండి.