నిమ్మచెట్టుకు తొలి చేద

మా పేటకు చేతిపంపు వచ్చిన కొత్తలో దాన్ని చూసి మురిసిపోయాం గానీ, దాని నీళ్ళతో మా అవసరం తీరలేదు. నాలుగు బిందెలు నిండేసరికి పిడి తేలికైపోయేది. పంపు గాలి మింగి కీచుమనేది. మళ్ళీ నీళ్ళు ఊరేదాకా బిందెలు వరసలో పెట్టి కూర్చోవాల్సిందే. వచ్చే ఆ కాసిని నీళ్ళూ ఉప్పన. వాటితో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండేది.

అందుకని తాగడానికీ వండుకోడానికీ అత్త బావికే వెళ్ళేవాళ్ళం. అత్త అంటే మా ఆయన తల్లి కాదు. పేట చివర, గురజాల వెళ్ళే రోడ్డు వైపు, నాపరాళ్ళ ప్రహరీ ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉండే ముస్లిం ముసలమ్మ. పేటంతా ఆమెను అత్తా అనే పిలిచేది. ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఆమె భర్త బతికున్నప్పుడు పెరట్లో తవ్వించిన బావి అది. మేం క్రైస్తవులం. అయినా మా కులం వల్ల ఊళ్ళో మిగతా బావుల్లో మేం చేద వేయడానికి లేదు. ఎవరైనా తోడి పోసేదాకా ఖాళీ బిందెతో దూరంగా నిలబడాలి. అత్త బావిలో మాత్రం మా చేతులతో మేమే తోడుకునేవాళ్ళం.

ఆమె పెట్టిన షరతు ఒక్కటే. పొద్దున తోడిన తొలి చేద గట్టు పక్కనున్న నిమ్మచెట్టుకు పోయాలి. ఎవరు ముందొస్తే వాళ్ళు పోయాలి. మరిచిపోయి బిందెలో పోసుకుంటే వసారాలోంచి కేక వచ్చేది.

“ఏమే, చెట్టుకి నోరు లేదని దాని వాటా నువ్వు తాగుతావా?”

ఆ చెట్టు కాయలు మా అందరి ఇళ్ళలోనూ పచ్చడయ్యేవి.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం, మా పంపును బాగుచేస్తామని పెద్ద లారీ ఒకటి వచ్చింది. లారీ మీద ఇంజను, లావుపాటి గొట్టాలు ఉన్నాయి. పక్కన ఏదో రాసి ఉంది. నాకప్పుడు అక్షరాలు రావు. దానితో వచ్చిన ఇంజనీరు కుర్రవాడే, మర్యాదస్తుడు. బోరు కింద గట్టి రాయి ఉందనీ, ఆ రాయిలో సన్నటి నెర్రెలు ఉంటాయనీ, బలంగా నీళ్ళు కొట్టి వాటిని తెరిస్తే చుట్టుపక్కల నీరంతా బోరులోకి వస్తుందనీ చెప్పాడు.

మా ఆయన నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. ఆయనకు నమ్మకం కుదరలేదు.

“మందు పెట్టకుండా రాయి పగిలిద్దా సారూ?”

“నీళ్ళతోనే పగులుతుంది.”

“నీళ్ళు లేవని నిన్ను పిలిపిస్తే, నీళ్ళు పొయ్యమంటావేంది నాయనా!” అంది మా పక్కింటి వదిన. అందరం నవ్వాం. ఇంజనీరు కూడా నవ్వాడు.

కానీ ఆమె అన్నదే నిజమైంది. లారీ వెనక రావాల్సిన నీళ్ళ ట్యాంకరు దారిలో పాడై ఆగిపోయింది. చెరువులో అడుగున మిగిలిన నీళ్ళు చూపిస్తే ఇంజనీరు వద్దన్నాడు. బురద వెళ్తే నెర్రెలు పూడిపోతాయట. మర్నాడు లారీ వేరే ఊరు వెళ్ళాలి. మళ్ళీ ఎప్పుడు వస్తుందో తాను చెప్పలేనన్నాడు. మా ముఖాలు వాడిపోయాయి.

చూడటానికి వచ్చిన అత్త మా అందరి వైపూ ఒకసారి చూసింది. “నా బావిలో తోడుకోండే. తేట నీళ్ళు,” అంది. తర్వాత ఇంజనీరు దగ్గరకు వెళ్ళి అడిగింది.

“నా బావికేం కాదుగా నాయనా?”

“రేపటికల్లా మళ్ళీ ఊరుతుందమ్మా. మీ బావి పైన, మేం తెరిచే రాయి బాగా కింద. దానికీ దీనికీ సంబంధం ఉండదు.”

అతను అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను. తెలిసిందే చెప్పాడు.

బావి నుంచి లారీ దాకా ఆడవాళ్ళం బారుగా నిలబడ్డాం. చేదలు చేతులు మారుతూ డ్రమ్ముల్లో పడ్డాయి. మధ్యాహ్నానికి బావిలో మేమెవరం ఎన్నడూ చూడని అడుగు కనపడింది. ఉలి గాట్లున్న నల్లటి రాయి, దాని మీద ఇంత నీరు. అత్త గట్టు మీద నుంచి వంగి చూసి గట్టిగా అరిచింది.

“అదిగోనే నా చెంబు! మా అమ్మ నా పెళ్ళికి పెట్టిన ఇత్తడి చెంబు! ఎవత్తో ఎత్తుకుపోయిందని పేటంతా తిట్టాను గదే!”

“ఆ తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకో అత్తా,” అంది వదిన.

“తిట్టినవి తిట్టినవేలే. ఇంకోదానికి పనికొస్తయి!”

మా ఆయన దిగి చెంబు తెచ్చిచ్చాడు. పచ్చగా చిలుము పట్టిన ఆ చెంబును ఆమె కొంగుతో తుడుస్తూనే ఉంది.

పంపు ఊడదీసి, బోరులోకి రబ్బరు బిరడా ఉన్న గొట్టం దించారు. బిరడా ఉబ్బి బోరును బిగించాక, దాని కిందికి ఇంజనుతో నీళ్ళు కొట్టారు. క్వారీలో తూటా పేల్చేటప్పటిలాగా మా ఆయన అందర్నీ దూరంగా తరిమి చెవులు మూసుకోమన్నాడు. ఇంజనీరు మాత్రం గడియారం లాంటి అద్దంలో ముల్లునే చూస్తున్నాడు. ముల్లు పైకి పోయి, వణికి, ఒక్కసారిగా పడిపోయింది. అతను చప్పట్లు కొట్టాడు. రాయి తెరుచుకుందన్నాడు.

“ఇంతేనా? టపాకాయంత సప్పుడన్నా లేదేంది!” అని మా ఆయన నిరాశపడ్డాడు.

పంపు మళ్ళీ బిగించాక నీళ్ళు ఆగకుండా వచ్చాయి. మొదట తెల్లగా మడ్డిగా, సాయంత్రానికి తేటగా. ఎంత కొట్టినా పిడి తేలికపడలేదు. ఆ పూట మేం పండగ చేసుకున్నాం.

తెల్లారి అత్త బావిలో అరచేతి లోతు నీరుంది. “ఊరిద్దిలే,” అంది అత్త. మేమూ అదే అన్నాం. మరో రెండు రోజులకు అడుగున తడి మాత్రమే మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు. ఆ ఏడు వానలు సరిగా లేని మాట నిజమే. కానీ ఊళ్ళో మిగతా బావుల్లో నీళ్ళు తగ్గాయే గానీ ఎండిపోలేదు.

“నెర్రె ఇచ్చాక అది ఎటు పోయిద్దో ఎవడు చెప్తాడు,” అన్నాడు మా ఆయన ఒకరోజు అన్నం తింటూ. కారణం అదేనని ఈనాటికీ నేను గట్టిగా చెప్పలేను. ఎవరినైనా అడిగి ఉండాల్సింది. ఇంటి ముందు నీళ్ళు పుష్కలంగా వస్తుంటే ఆ మాట ఎత్తాలని మాలో ఎవరికీ అనిపించలేదు. ఎత్తితే పంపు పీక్కుపోతారేమోనన్న భయమూ ఉంది.

పంపు చుట్టూ కొత్తగా వేసిన సిమెంటులో వాళ్ళు మేకుతో ఏదో రాసి వెళ్ళారు. చాలా ఏళ్ళ తర్వాత, పెద్ద వయసులో చదవడం నేర్చుకున్నాక, అక్కడ గొంతుక్కూర్చుని కూడబలుక్కున్నాను. బోరు లోతూ సంవత్సరమూ ఉన్నాయి. రాయిలోకి కొట్టిన నీళ్ళు ఎవరి బావిలోంచి తోడారో లేదు.

అత్త పెరడు బోసిపోయింది. మా గొడవలూ కాన్పులూ అన్నీ ఆ గట్టు మీదే ఆమెకు తెలిసేవి. ఇప్పుడు ఆ గుమ్మంలోకి వెళ్ళడానికి ఎవరికీ పని లేదు.

కొన్నాళ్ళు ఆమె మనవరాలి వరసయ్యే పిల్లతో ఊళ్ళో బావి నుంచి నీళ్ళు తెప్పించుకుంది. ఒక పొద్దున తనే బిందె చంకన పెట్టుకుని, ఆ ఇత్తడి చెంబు పట్టుకుని పంపు దగ్గరకు వచ్చింది.

“ముందుకు రా అత్తా,” అని అందరం జరిగాం.

“ఎందుకే? నా బావి కాడ మిమ్మల్ని ఎప్పుడన్నా వరస దాటనిచ్చానా?”

వరసలోనే నిలబడింది. ఆమె వంతు వచ్చినప్పుడు పిడి నేను పట్టుకున్నాను. ముందు చెంబు నింపుకుని ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది.

“ఏంది అత్తా, ఉప్పగా ఉన్నయ్యా?”

“లేదు.” మరో గుక్క తాగింది. “మా ఇంటి నీళ్ళే,” అంది.

గొంతులో కోపం లేదు. ఎక్కడో సంతలో తనవాళ్ళు కనపడితే అన్నట్టు అంది. నా చేయి పిడి మీదే ఆగిపోయింది.

“కొట్టవే, ఆగావేంది? వెనకమాల జనం ఉన్నారు.”

బిందె నిండాక తనే ఎత్తుకుని వెళ్ళింది. పంపు దగ్గర నుంచి పొట్టి ప్రహరీ మీదుగా ఆమె పెరడు కనపడుతుంది. గట్టు దాటి, ఆ బిందెడు నీళ్ళూ నిమ్మచెట్టు మొదట్లో పోసింది. ఖాళీ బిందెతో తిరిగి వచ్చి వరస చివర నిలబడింది.