కొత్త ఇంజనుకు పాత నంబరు

మా బాబాయిని టాక్సీ స్టాండులో అందరూ ‘మీటరు’ అనేవారు. సొంత పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే పక్కకి చూసేవాడు. మీటరు ఎంత చూపిస్తే అంతే పుచ్చుకునేవాడు. తను దారి తప్పి చుట్టు తిరిగిన రోజున మాత్రం “తప్పు నాది, మీరెందుకు ఇవ్వాలి?” అని తగ్గించి తీసుకునేవాడు. అలాంటి మనిషితో కాపురం చేయడం ఆషామాషీ కాదు. చుట్టాలు ఎవరైనా “ఎలా ఉన్నాం మేం?” అని సరదాగా అడిగితే, “బాగా ఒళ్లు చేశారు” అని మొహం మీదే చెప్పేసేవాడు. మా పిన్ని వంటింట్లోకి పోయి తల పట్టుకునేది. “నోరు మూసుకుని ఉండటం అబద్ధం కాదయ్యా మగడా!” అని మొత్తుకునేది. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం. ఆయన పక్కన కాసేపు కూర్చుంటే మనం కూడా మంచివాళ్లమేమో అనిపించేది.

ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు కారు ఇంజను పోయింది. ఎత్తు ఎక్కుతుండగా పొగలు కక్కి, పట్టేసి ఆగిపోయింది. కొత్తది కొనే స్తోమత ఎక్కడిది? షెడ్డు మెకానిక్‌తో కలిసి పాత బండ్ల దుకాణానికి వెళ్లి, గుద్దుకుని నుజ్జయిన అదే రకం కారు నుంచి ఇంజను విప్పించి తెచ్చుకున్నాడు. ఆ మెకానిక్ బాబాయికి తోడబుట్టకపోయినా తమ్ముడే. చేతికి మసి, నోటికి వాగుడు, మనసు వెన్న.

ఇంజను మారితే దాని నంబరూ మారుతుంది. కాగితాల్లో ఉన్నది పాత నంబరు. “రవాణా ఆఫీసులో మార్పించి, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పాలి” అని బాబాయి ఇంట్లో అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాడు. ఇంతలో ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. మళ్లీ లేవలేదు.

పిన్నికి డ్రైవింగు ఆయనే నేర్పాడు. గేరు మార్చినప్పుడల్లా ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఆయన పోయాక పిన్ని ఏడుస్తూ కూర్చోలేదు, కూర్చుంటే ఇల్లు గడవదు. కారు తనే నడుపుదామనుకుంది. కానీ ఆయన జబ్బులో ఇన్సూరెన్సు గడువు దాటిపోయింది. అది లేకుండా కారు గుమ్మం దాటకూడదు. గడువు దాటితే బండిని కళ్లతో చూసి గానీ మళ్లీ ఇవ్వరట. అలా సర్వేయరు ఇంటికొచ్చాడు.

బానెట్ ఎత్తి, గుడ్డతో ఇంజను మీది జిడ్డు తుడిచి, ఫోను లైటు వేశాడు. అంకెల మీద గోరు పెట్టి రాశాడు. మేము ఇంజను మారిందని చెబుతుంటే అతను నెమ్మదిగా తలెత్తాడు.

“ఇంజను మారితే పాత నంబరు దీని మీదికి ఎలా వచ్చిందమ్మా? ఫ్యాక్టరీ అంకెలు ఇలా వంకరగా ఉండవు. అసలు నంబరు అరగదీసి, సుత్తితో ఇది కొట్టారు. దొంగబండ్లకి చేసే పని ఇది.”

ఎవరు చేశారో ఆఫీసుకొచ్చి రాసిచ్చి, ఇంజను కొన్న రసీదు చూపిస్తే సరేనన్నాడు. లేకపోతే పాలసీ లేదు, పైగా విషయం పోలీసులకి వెళుతుందన్నాడు.

తిన్నగా షెడ్డుకి వెళ్లాం. మెకానిక్ కారు కింద పడుకుని ఉన్నాడు. పిన్ని విషయం చెప్పగానే బయటికి జరిగొచ్చి, లేవకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

“నేనే కొట్టాను వదినా. అన్న మంచంలో ఉన్నాడు, ఈ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారులే అనుకున్నా. నంబరు కలిస్తే ఎవరూ అడగరు కదా. మా వీధిలో కావలసినవాళ్లకి అందరం చేసి పెడతాం, ఇంత గొడవ అవుతుందనుకోలేదు.”

“ఆయనకి చెప్పావా?”

“చెబితే చెంప పగలగొట్టేవాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. సాయం చేసే మొహం చూడండి! తిడదామని నోరు తెరిచేలోపు అతనే చేతులు తుడుచుకుని లేచాడు. “పదండి, వచ్చి నేనే ఒప్పుకుంటా. జైల్లో పెడితే పెట్టనీ.” షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. అతని భార్య మా మాటలు విని, ఉతుకుతున్న బట్ట చేతిలోనే పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. పిన్ని ఆమెని చూసింది.

“నువ్వెక్కడికీ రావద్దు, పని చూసుకో” అంది.

ఇన్సూరెన్సు ఆఫీసులో మా కాగితాలు చూసిన పెద్దాయన మొహం విప్పారింది. “మీరు మీటరు భార్యా! మా అమ్మని ఆసుపత్రికి ఆయన బండిలోనే తిప్పేవాణ్ణి. అలాంటి మనిషి మళ్లీ పుట్టడమ్మా” అని కుర్చీ చూపించాడు. కాగితం ముందుకి లాక్కుని, ఇబ్బందిగా అడిగాడు. “ఇంతకీ ఈ నంబరు పని ఎవరిది?”

“మా ఆయనే కొట్టించాడు” అంది పిన్ని.

ఆయన కలం ఆగింది. “మీటరా?”

“అవునండీ. ఎవరిచేత కొట్టించాడో నాకు తెలియదు.”

నేను లేవబోయాను. బల్ల కింద పిన్ని నా చేతిని ఎముకలు నలిగేలా పట్టుకుంది. పెద్దాయన అదే రాసుకుని, సంతకానికి కాగితం ఇటు తిప్పాడు. “పోయినవాళ్లని అనకూడదు గానీ, ఎంత మంచివాడనుకున్నానమ్మా” అన్నాడు. పిన్ని సంతకం చేసింది. తర్వాత ఆయన వాళ్లమ్మ మాట గానీ, ఆసుపత్రి మాట గానీ ఎత్తలేదు.

పని మాత్రం అయింది. పోయినవాడిని ఎవరు పట్టుకుంటారు? రసీదులో ఉన్న అసలు నంబరు కాగితాలకెక్కింది, పాలసీ చేతికొచ్చింది. మొదటిరోజు స్టాండుకి పిన్నితో నేనూ వెళ్లాను. మాకంటే ముందే కథ చేరిపోయింది. ఒక ముసలి డ్రైవరు కిటికీ మీద వాలి, ప్రేమగానే అన్నాడు. “మీటరూ మనలాంటివాడేనన్నమాట! పోన్లే అమ్మా, ఇన్నాళ్లూ ఆయన ముందు మాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పిన్ని కూడా నవ్వింది.

వీధి మలుపు తిరగ్గానే కారు పక్కకి ఆపేసింది.

“బాబాయి ఉంటే ఏం చేసేవాడు పిన్నీ?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

“నిజం చెప్పేవాడు. వాణ్ణి తనే తీసుకెళ్లి అప్పగించేవాడు. వాడు తిరిగొచ్చేదాకా వాడి ఇంటికి బియ్యం మోసేవాడు. నాకంత గుండె లేదే.” స్టీరింగు మీద తల వాల్చింది. “చిన్న మాట తేడా వస్తే నలుగురిలో నన్ను దిద్దేవాడు. ఇంత మాట అన్నాను, కాదని ఒక్క ముక్క అనలేడు చూడు” అంటూ భోరుమంది.