పులిగోరు కోసం వెళ్ళిన రోజు

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది. నాకప్పుడు పదేళ్ళు. ఊళ్ళో తుపాకుల మోత విన్ననాటి నుంచి మా తమ్ముడికి దడుపు పట్టుకుంది. నాంపల్లిలో కిరాయి ఇంటికి వచ్చేశాక కూడా, తలుపు చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేవాడు. మెడలో పులిగోరు కడితే దడుపు పోతుందని మా నాయనమ్మ నమ్మకం. అబిడ్స్ దుకాణాల్లో కొనే స్తోమత మాకెక్కడిది? అందుకే ఒకరోజు మధ్యాహ్నం నల్లదారం కొంగున ముడేసుకుని, మా ఇద్దరినీ నాంపల్లి తోటలోని జంతువుల బోనుల దగ్గరికి తీసుకెళ్ళింది.

"రాలిన గోరు ఉంటే జర ఇయ్యి బిడ్డా," అని అక్కడి కాపలాదారుని బతిమాలింది.

"ఇది పులి గాదవ్వా, సింహం. ఆఫ్రికా కెల్లి తెచ్చిన్రు."

"ఏదైతేంది? దానికి భయమన్నది ఉండదు గదా!"

అంతలో గేటు బయట పెళ్ళి ఊరేగింపులో టపాకాయలు పేలాయి. తమ్ముడు కెవ్వుమని అరిచి నాయనమ్మ చీర కుచ్చిళ్ళలో తల దాచుకున్నాడు. నేను బోనులోకి చూశాను. అంత పెద్ద సింహమూ గోడ మూలకు నక్కి గడగడ వణుకుతోంది.

కాపలాదారు జాలిపడి, గోరు వెతుకుతానని లేచాడు. నాయనమ్మ వద్దంది.

"వద్దు బిడ్డా. పాపం, అదే దడుసుకున్నది."

ఇంటికొచ్చాక ఆ నల్లదారాన్ని ఉత్తదే తమ్ముడి మెడలో కట్టింది. ముడి వేశాక, తలుపు గడియ పడిందో లేదో లేచి రెండుసార్లు చూసుకుంది.

భయమెరుగని ప్రాణి ఎక్కడో ఒకటి ఉంటుందని అప్పటిదాకా నేనూ అనుకునేదాన్ని.