మంద ఇక్కడ, బస్సు అక్కడ

ప్రయాణికులు దిగాక బస్సు కదలడం అందరూ చూసే ఉంటారు. ప్రయాణికులంతా టిక్కెట్లు చేత పట్టుకొని బస్సెక్కడానికి వరసలో నిలబడి ఉంటే, కండక్టరే స్వయంగా ఆజ్ఞ ఇచ్చి ఖాళీ బస్సును పంపించేయడం ఎవరైనా చూశారా? చూడకపోతే మీ తప్పు లేదు. ఆ ఘనకార్యం మా పాలమూరు జిల్లాలో ఒక్కసారే జరిగింది. చేసింది నేనే.

బతకలేక బడిపంతులు అన్నారు పెద్దలు. నేను బడిపంతులుగా బతకలేక కండక్టరునయ్యాను. తిండికి లోటుండి కాదు. అరవయ్యో దశకం మొదట్లో మక్తల్ దగ్గర ఒక పల్లెలో బడికంతా నేనొక్కణ్ణే సారును. నాలుగేళ్లు గోడకు దేశపటం తగిలించి, ఇదిగో గంగ, ఇదిగో కృష్ణ, అవిగో హిమాలయాలు అని బెత్తంతో చూపించాను. నేను కళ్లారా చూసిన నది మా ఊరి వాగు, అదీ వానలు పడితేనే. బడి పక్కనే రోడ్డు. బస్సు వస్తే పిల్లలు కిటికీలకు ఎగబడేవారు. వాళ్లను గదమాయించి కూర్చోబెట్టి, ఆ కిటికీలోంచి నేను చూసేవాణ్ణి. ఖాకీ బట్టలు, భుజాన తోలుసంచి, మెడలో విజిలు, రోజుకో ఊరు! ఆ కండక్టరును చూస్తే నాకు కడుపులో మంటగా ఉండేది. చివరికి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చింది.

ఈ కబురు చెప్పేసరికి మా బాపు గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆగింది.

"గొర్లు కాసెటోని కొడుకు సారయ్యిండని ఊరంత దండం పెడ్తాంది. గది ఇడిసి బస్సుకు యేలాడుతవారా?"

"యేలాడుడు కాదు బాపూ, లోపట నిలబడుడు."

"కూసునే నౌకరి ఇడిసి నిలబడే నౌకరి చేస్తనంటవు. గీ తెలివి ఏ సదువుల చెప్పిన్రు?"

మూడు రోజులు అలిగాక ఒక ఒప్పందానికి వచ్చాడు. ముందు నేను బడికి సెలవు పెట్టాలి. రాజీనామా కాగితం రాసి ఆయన చేతికివ్వాలి. వీలు చూసుకొని ఆయన ఒకసారి నా బస్సెక్కుతాడు. నా పని నచ్చితే కాగితం పోస్టుకు పోతుంది. నచ్చకపోతే చిరిగిపోతుంది, నేను నోరు మూసుకొని మళ్లీ బెత్తం పట్టాలి. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన తన తలరుమాల్లో దోపుకున్నాడు. నా బతుకంతా పోయి బాపు నెత్తిమీద కూర్చుంది.

ఉద్యోగంలో చేరిన రోజే డ్రైవరు ఖాదర్ భాయ్ నాకు పాఠం చెప్పాడు. ఆయన కూర్చునేది ముందర, ఇంజను పక్కన, విడి అరలో. వెనక పెళ్లి జరిగినా ఆయనకు తెలియదు.

"సూడు సార్, ఒక్క సీటీ కొడ్తె ఆగుత. రెండు కొడ్తె పోత. నడుమ ఇంకో ముచ్చట లేదు. నేను ఎనకకు మల్లి సూడ. నీ కాలు మెట్టు మీద పడ్డంకనే సీటీ నోట్ల పెట్టాలె. యాదుంచుకో."

"భాయ్, నేను నాలుగేండ్లు పాఠాలు చెప్పినోన్ని. నాకు చెప్తున్నవా?" అని నవ్వాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాకు మాత్రం చెప్పేవాడే లోకువయ్యాడు.

పదిహేను రోజులకు బాపు వచ్చాడు. మక్తల్‌లో పాలమూరు బస్సెక్కి, చిట్టచివరి సీట్లో గొంగడి పరుచుకొని, సోదాకు వచ్చిన పోలీసు అమీను సాబులా నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నా హుషారు మీరు చూడాల్సింది! ఒక్క విజిలుకు బస్సు ఆగుతోంది, రెండు విజిళ్లకు కదులుతోంది. నాలుగు ఊళ్లు దాటాక బాపు నోరు విప్పాడు.

"ఒకటి ఊదితె ఆగుతాంది, రెండు ఊదితె పోతాంది. మన గొర్లకన్న జర బుద్ధిమంతురాలే."

నేను పొంగిపోయాను. ఆయన మెచ్చుకున్నది బస్సునని నాకు తట్టనేలేదు.

దేవరకద్ర దాటాక ఇంజను పొగలు కక్కింది. నీళ్లు పోయాలని ఖాదర్ భాయ్ ఒక బావి దగ్గర ఆపితే అందరూ దిగారు, బాపు తప్ప. "ఎండల నాకేం పని" అని ఆయన సీటు మీద ఒరిగాడు.

నీళ్లు పోయడమైంది. ఖాదర్ భాయ్ తన సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. అంతే, నలభై మంది ఒక్క తలుపు మీద పడ్డారు. ఒక అవ్వ కోళ్లగంప పోయి ఒక పటేలు మీసాలకు తగిలింది. "నూకకే ముసల్దానా!" "నూకుతున్నది నేను గాదు, నా కోళ్లు!"

ఆ క్షణాన నాలోని కండక్టరు పడుకున్నాడు, సారు లేచాడు.

"ఆగున్రి! అందరు కిందికి దిగున్రి! లైన్ల నిలబడున్రి. పొట్టోళ్లు ముంగట, పొడుగోళ్లు ఎనక!"

ఖాకీకి భయపడ్డారో ఏమో, నిజంగానే నిలబడ్డారు. అందరికంటే ముందు అవ్వ, అందరికంటే వెనక పటేలు. వరస వంకరగా ఉందని నేను పదడుగులు వెనక్కిపోయి, ఒక కన్ను మూసి చూశాను.

"తాతా, జర ఎడమకు!"

"సారూ, చేతులు గూడ కట్టుకోవాల్నా?" అని అడిగింది అవ్వ. అందరూ గొల్లుమన్నారు. ఒకటే గోల.

మా బడిలో గోలకు ఒకటే మందు. రెండు విజిళ్లు ఊదానంటే గుడ్లగూబల్లా చూస్తూ కూర్చునేవారు పిల్లలు. అలవాటులో పొరపాటు అంటారు. నాకు అలవాటే పొరపాటయింది. ఊదాను. గట్టిగా, రెండుసార్లు.

వెంటనే నిశ్శబ్దం వచ్చింది. ఎందుకంటే బస్సు పోయింది.

"ఏమాయె సారూ, బడి ఇడిసిపెట్టినట్టేనా?" అన్నాడు పటేలు.

ఒక్క విజిలు ఊదితే ఆగేది కదా అంటారు మీరు. ఊదాను. కానీ గొంతు నిండా బస్సు లేపిన దుమ్ము. విజిల్లోంచి దగ్గు వచ్చింది. బస్సు పోతూనే ఉంది, అందులో బాపు, బాపు రుమాల్లో నా కాగితం. బస్సును పోగొట్టిన కండక్టరును ఎవరుంచుకుంటారు? పోనీ బడికి పోదామంటే ఆ కిటికీ పక్కన మళ్లీ నిలబడే ఓపిక నాకు లేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

అప్పుడు వినపడిందొక ఈల. పొడుగ్గా, చెవులు చిల్లులు పడేలా, ఒక్కటే. ఆ ఈల నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. గుట్ట అవతల పోతున్న మందను ఆపడానికి మా బాపు నోట్లో రెండు వేళ్లు పెట్టి వేసే ఈల అది. రెండు ఫర్లాంగుల అవతల బస్సు కీచుమని ఆగింది.

"సారూ, లైన్లనే నడ్వాల్నా, ఉరుకొచ్చునా?" అంది అవ్వ.

"లైన్లనే" అన్నాను. సారు ఇంకా పడుకోలేదు మరి. ఆమె కోళ్లగంప నేను నెత్తికెత్తుకున్నాను. నవ్వుకుంటూ, నన్ను చూసి మళ్లీ నవ్వుకుంటూ అందరూ నడిచారు.

ఖాదర్ భాయ్ నడుం మీద చేతులు పెట్టుకొని రోడ్డు మీద నిలబడ్డాడు. "ఇరవై ఏండ్ల నౌకరిల ఎనకకు సూసుడు గిదే మొదలు సార్. సూస్తె ఏమున్నది? బస్సంత ఖాళీ. గీ పెద్దమనిషి ఒక్కడు!"

బాపు తలుపు దగ్గర నిలబడి, దొడ్లోకి గొర్రెలను తోలినట్టు "రెండు, నాలుగు, ఆరు" అని లెక్కపెడుతూ అందరినీ ఎక్కించుకున్నాడు. చివరికి నేను మిగిలాను.

"నలభై ఏండ్లు గొర్లు కాసిన" అన్నాడు. "ఒకటో రెండో తప్పిపోయినయి. గని ఒక్క ఊదుడుకు మందకు మందనే పోగొట్టుకోలె. గంత పని చెయ్యాల్నంటె సదువుకోవాలె."

"కాయితం చింపెయ్ బాపూ" అన్నాను తల వంచుకొని.

ఆయన రుమాలు విప్పాడు. చెమటకు తడిసిన కాగితాన్ని తీసి నా ఖాకీ జేబులో పెట్టాడు.

"చింపుడెందుకు? పాలమూరుల పోస్టుల ఎయ్. బడిల పిల్లగాండ్లను గిట్ల ఇడిసిపెడ్తె ఆగమైతరు. వీళ్లు పెద్దోళ్లు, నడిసొస్తరు. పైంగ నిన్ను ఒక్కడు తిట్టలె, నవ్వుకుంట వచ్చిన్రు. గీ నౌకరే చెయ్. ఫికర్ వద్దు."

ఖాదర్ భాయ్ సాక్షిగా, బాపు గొంగడి సాక్షిగా, గంపలో ఉన్న కోళ్ల సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను: మెట్టు మీద కాలు లేనిదే విజిలు నోట పెట్టను గాక పెట్టనని. ఆ తర్వాత ముప్పై ఏళ్లు తిరిగాను. పటం మీద బెత్తంతో చూపించిన కృష్ణానదిని వంతెన మీద నుంచి ఎన్నిసార్లు దాటానో లెక్కే లేదు. బస్సును కదిలించిన ప్రతిసారీ మాత్రం ముందు కిందికి వంగి, నా కాలు ఎక్కడుందో చూసుకున్నాకే ఊదాను.