మామ పడవకు డైనమో

నాకు ముక్కు మీదే కోపం. వరంగల్లులో కార్లకూ లారీలకూ వైరింగ్ చేసే చిన్న షాపు నాది. రోజంతా కాలే బానెట్ కింద తల పెట్టేవాడికి శాంతం ఎక్కడినుంచి వస్తుంది? మా మామ, అంటే నా భార్య తండ్రి, నాకు పూర్తిగా వేరు. ధర్మసాగర్ చెరువులో చేపలు పట్టేవాడు. ఏది అడిగినా ముందు ఒకసారి నీళ్ల వైపు చూసి, ఆ తర్వాతే నోరు తెరిచేవాడు.

1970ల చివర్లో ఆయన చెరువు కట్ట రాళ్ల మీద జారి పడ్డాడు. దవాఖానలో కట్టు కట్టారు, విప్పారు. కుడిచెయ్యి మాత్రం ఛాతీ దాటి లేవలేదు. ఒంటిచేత్తో తెడ్డు వేస్తే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఇంకొకరిని ఎక్కించుకోమంటే ఒప్పుకోడు. ఏళ్ల తరబడి ఒక్కడే వెళ్లి ఒక్కడే వచ్చిన మనిషి. "పడవ దిగితే మా నాయిన బతకడు" అని నా భార్య నాతో ఒకటికి పదిసార్లు అంది.

పడుచుతనంలో మామ గోదావరి మీద తెరచాప పడవల్లో పనిచేశాడట. అది గుర్తు తెచ్చుకుని పడవలో ఒక వెదురు బొంగు నిలబెట్టాడు. మైదాపిండి సంచులు ఉతికి, విప్పి, నా భార్య మిషను మీద చాప కుట్టి ఇచ్చింది. మధ్యాహ్నం గాలి లేవగానే ఆ తెల్లగుడ్డ ఉబ్బేది, పడవ కదిలేది. చప్పుడు ఉండేది కాదు. ఎడమచేత్తో చుక్కాని పట్టుకుని మామ అలా కూర్చునేవాడు. ఆ తెలుపు చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ, నీళ్ల మీది ఎండలో కలిసిపోయేది. కట్ట మీద నిలబడి చూస్తుంటే షాపు, గిరాకీ, ఎవరిమీద ఎందుకు అరిచానో, ఏదీ గుర్తుండేది కాదు నాకు.

చిక్కంతా సాయంత్రం వచ్చేది. పొద్దు వాలేసరికి గాలి పడిపోయేది, మామ చెరువు నడుమ ఇరుక్కునేవాడు. ఇళ్లకు పోయే చేపలవాళ్లు తాడు వేసి లాక్కొచ్చేవాళ్లు. వాళ్లు ప్రేమతోనే చేసేవాళ్లు, ఆయనకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

"బర్రెను గుంజుకొచ్చినట్టు గుంజుకొస్తాన్లు అల్లుడా. ఇంకో రెండుసార్లు గిట్లయితే పడవ అమ్ముత" అన్నాడు ఒకరోజు.

"డీజిల్ ఇంజను పెడుదాం మామా" అన్నాను.

"వరంగల్లోళ్లు తాగే నీళ్లివి. డీజిల్ పడ్డ నీళ్లు నువ్వు తాగుతవా?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు డైనమో. ఇంజను తిప్పితే అది కరెంటు ఇస్తుంది. తిరగేసి దానికే బ్యాటరీ కరెంటు ఇస్తే అది తిరుగుతుంది. డైనమో మంచిదా చెడ్డదా అని షాపుల్లో మేం రోజూ చూసే తీరే అది. ఒక పాత అంబాసిడర్ డైనమోకు పొడుగాటి ఇనుప కడ్డీ తగిలించి, కడ్డీ చివర ఇత్తడి రెక్కలు బిగించి, పడవ వెనక వాలుగా కట్టాను. ముందుకు పోవాలంటే బ్యాటరీ వైర్లు ఇలా, వెనక్కి రావాలంటే అటుది ఇటు, ఇటుది అటు అని మామకు పాఠం కూడా చెప్పాను.

పడవ బుద్ధిగా కదిలింది. ఒక చుట్టు తిరిగి కట్ట దగ్గరికొచ్చాం. ఆపడానికి వైర్లు మార్చాను. పడవ ఇంకా ముందుకే పోయింది. మళ్లీ మార్చాను, మళ్లీ ముందుకే. ధన్‌మని రాళ్లకు కొట్టుకుంది, నేను మోకాళ్ల లోతు నీళ్లలో పడ్డాను. డైనమో లోపల రెండు తీగచుట్లు ఉంటాయి. వైర్లు మారిస్తే ఆ రెండూ కలిసే మారతాయి, తిరిగే దిక్కు మాత్రం మారదు. ఇన్నేళ్ల పనిలో అది తిరుగుతోందా అనే చూశాం గానీ, ఎటు తిరుగుతోందని ఒక్కనాడూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మామ మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు. జారి పడ్డ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

వారం తిరిగేలోపు ఒక్క తీగచుట్టు వైర్లనే మార్చే స్విచ్ పెట్టి ఆ లోపం సరిచేశాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒకటే పని. షాపులో ఛార్జ్ చేసిన బ్యాటరీని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, మడికొండ దాటి, ధర్మసాగర్‌లో దించి, వాడిన బ్యాటరీ తెచ్చేవాణ్ణి. యాసిడ్‌కు నా ప్యాంట్లన్నీ బొక్కలు పడ్డాయి.

అయితే, తెచ్చిన బ్యాటరీలో యాసిడ్ బలం కొలిచి చూస్తే ఛార్జ్ ప్రతిసారీ నిండుగానే ఉంది. ఒకవారం, రెండువారాలు, ఐదువారాలు. ఒళ్లు మండింది. ఇక్కడ నా నడుము విరుగుతుంటే, అక్కడ ఆయన స్విచ్ కూడా వెయ్యడం లేదన్నమాట. తేల్చుకుందామని ఒక ఆదివారం ఆయనతోపాటు పడవెక్కాను.

పొద్దు వాలింది, గాలి ఆగింది. చాప వేలాడిపోయింది. పక్కనుంచి పోతున్న పడవాయన తెడ్డు ఆపి, "తాడెయ్యాల్నా పెద్దయ్యా?" అని అడిగాడు.

"వద్దు బిడ్డా, మోటరున్నది. నువ్వు పో."

ఆ పడవాయన వెళ్లిపోయాడు. నేను స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయాను. మామ ఆ లేవని చేత్తోనే నా మణికట్టు పట్టుకున్నాడు. "జర ఆగు" అన్నాడు.

ఆగాను. నీళ్లు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత బూడిదరంగుకు తిరిగాయి. ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది. చెరువు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. నేను కాసేపు నా కోపం కోసం వెతుక్కున్నాను.

"మరి నేనెందుకు మోస్తాన మామా గీ బరువంత?" అన్నాను చివరికి.

ఆయన నీళ్ల వైపు చూశాడు. "ఇది లేనప్పుడు ఈడ ఇరుక్కుంటుంటి. ఇప్పుడు కూసుంటాన. గాలి రాకపోయినా ఫికర్ లేదు" అన్నాడు.

కాసేపటికి గాలి తిరిగొచ్చింది, చాపతోనే కట్టకు చేరాం.

ఇంటికొచ్చాక నా భార్య అడిగింది, "నాయిన మోటరు నడుపుకుంటాండా?" అని. నడుపుకుంటున్నాడనే చెప్పాను. తెల్లారి షాపు తీసి, నిండుగా ఉన్న బ్యాటరీనే మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టాను.