తలుపు బొమ్మ కింది వరస

టైడా దగ్గర నా స్నేహితురాలు తన ఇంట్లోనే రెండు గదులు అతిథులకు అద్దెకిస్తుంది. ఆమె వెబ్‌సైట్ చేసింది నేనే. పైన వరసగా బటన్లు: ఇల్లు, వంట, కాఫీ తోట, దారి. ఒక్కో బటన్‌కి రెండు ఫొటోలు. మౌస్ మీదకు తెస్తే మొదటిది పోయి రెండోది కనిపిస్తుంది.

మా ఘాట్ కొండల్లో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రెండో ఫొటో విడిగా పెడితే అది వచ్చేలోగా చూసేవాళ్ల ఓపిక చచ్చిపోతుంది. అందుకని అన్నీ ఒకే పెద్ద బొమ్మలో అతికించాను, పై వరస, కింది వరస. బటన్ దానికి కిటికీ, ఒకసారికి ఒక్క ఫొటోనే చూపిస్తుంది. మౌస్ తగిలితే వెనక బొమ్మ పైకి జరిగి కింది వరస కనిపిస్తుంది, అంతే. పాత చింతకాయ పచ్చడి అని నవ్వేవాళ్లు ఒకసారి టైడాలో కూర్చుని పేజీ తెరిచి చూడాలి.

ఇల్లు బటన్‌కి పై వరసలో మూసిన తలుపు. కింది వరసలో అదే తలుపు తెరుచుకుని, రాగిచోళ్ల చేటతో బయటకు వస్తున్న స్నేహితురాలి అమ్మ. నేను అత్తా అని పిలిచేదాన్ని. ఎవరొచ్చినా ఆ ఇంటి తలుపు తీసేది ఆవిడే, ఇంకొకరిని తియ్యనిచ్చేది కాదు. మొన్న వానాకాలంలో జ్వరంతో పోయింది.

కర్మ అయ్యాక స్నేహితురాలు ఫోన్ చేసింది.

"నాన్న పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కూకుంటన్నాడే. మౌస్ పెడతాడు, అమ్మ వత్తాది. తీత్తాడు, తలుపు మూసుకుంటాది. అన్నం కూడా ముట్టనేదు. అమ్మను బేగి తీసెయ్యి."

కోడ్‌లో ఒక్క లైను తీసేశాను. తలుపు ఇక తెరుచుకోలేదు. బొమ్మని కత్తిరించడానికి మాత్రం చేతులు రాలేదు.

తర్వాత వాళ్లింటికి వెళ్లాను. మావయ్య మూసిన తలుపు మీద బాణం గుర్తు ఆపి, లోపల ఎవరో కదులుతున్నట్టు చెవి ఒగ్గి ఉన్నాడు. నాకు భయం వేసింది.

"ఏటమ్మా, మీ అత్త రానేదేటి? ఎల్లిపోనాదా?"

అవునంటే సరిపోయేది. అనలేకపోయాను.

"లేదు మావయ్యా. లోపలే ఉంది. తలుపు తెరుచుకోకుండా నేనే ఆపాను."

"నోపలున్నాదా?"

"ఉంది. ఈ తలుపు కనిపించిందంటే ఆవిడా వచ్చినట్టే. రెండూ ఒకే బొమ్మ."

తెరవమంటాడనుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ స్నేహితురాలూ అదే అనుకుని ఉంటుంది, నా వంక కోపంగా చూసింది. ఆయన మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"అయితే పడుకోనీ. మాటిమాటికీ లేపేత్తన్నాను."

లేచి, కూతుర్ని అన్నం పెట్టమన్నాడు.

ఇప్పుడు కొత్త గదులు కట్టారు, సైట్ మార్చాలి, ఇక బటన్లకు రెండో ఫొటో అక్కర్లేదు. కింది వరస కోసేస్తే బొమ్మ సగం తేలికవుతుంది. ఫైలు తెరుస్తాను. గడప దాటబోతూ ఆవిడ నన్నే చూస్తూ ఉంటుంది. మూసేస్తాను. ఎక్కడెక్కడి వాళ్లో ఆ పేజీ తెరుస్తారు, మూసిన తలుపు చూసి గది బుక్ చేసుకుంటారు. తెరిచిన ప్రతిసారీ ఆవిడ వచ్చి ఆ తలుపు వెనక నిలబడుతోందని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నేను ఆ సైట్ తెరవను.