తరుగు తీసిన పిల్ల

"ఏమ్మే పుల్లా, తిన్నావా?" అనింది మా అక్క ఆసుపత్రి మంచం మీద నుంచి. "తిన్నాలే అక్కా, నువ్వు పడుకో" అన్నా. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట. పోయే ముందు కూడా నా తిండి బెంగే ఆమెకి. రాస్తా ఉండావా మనవరాలా?

ఆ రోజుల్లో మా మైపాడులో ఆడపిల్ల ఒంటి బరువంటే ఊరందరి యవ్వారం. నేను ఎండుచేప మాదిరి ఉంటే, అక్క బొద్దుగా ఉండేది. ముట్టు నొప్పి మాత్రం దేవుడు ఇద్దరికీ సమానంగా పంచినాడు. పొత్తికడుపు మీద ఉప్పు మూట కాపడం పెట్టుకోని, ఆ మూట కోసరమే కొట్టుకుంటా పడుండేవాళ్లం. మా అవ్వ (ఇంట్లో డాక్టరూ ఆమే, జడ్జీ ఆమే) తేల్చేసింది: "పెద్దదానికి కొవ్వెక్కి నొప్పి, చిన్నదానికి కండ లేక నొప్పి." అక్కకి గంజి. నాకు పొద్దున్నే పచ్చిగుడ్డు, పైన నువ్వుల నూనె. "బరువు పెరిగిందాకా బడికి పోబాకు" అని శిక్ష కూడా నాకే.

బరువు చూసేదానికి ఏముండాది, రేవులో చేపల కాటానే. అక్కడ చేపలు తూకమేసే పక్కింటి మామ నన్ను తట్టలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలిస్తే, పడవల కాడోళ్లు "ఏం మామా, వంజరమా, నెత్తళ్లా?" అని నవ్వేవాళ్లు. గుడ్లు తాగి తాగి నాకే కోడి వాసన వస్తా ఉండె. అయినా బరువు తగ్గతా ఉండాదంట! అవ్వ ఇంకో గుడ్డు కలిపింది.

ఒకనాడు అక్క పక్కనే నిలబడి చూసి అరిచింది. "ఏంది మామా, నీళ్ల బరువని తూకంలో తరుగు తీస్తా ఉండావా? మా చెల్లెలు తడిచేపా?" మామ నాలిక కరుచుకున్నాడు. "అలవాటమ్మీ, చెయ్యి ఊరుకోదు." వానలు ముదిరేకొద్దీ చేపలకి మాదిరే నాకూ తరుగు పెంచతానే వచ్చినాడంట!

ఇంక బడికి పోవచ్చని ఎగిరినా. అవ్వ "బరువు సరే, నొప్పి తగ్గిందా?" అనింది. తగ్గలా. గంజి తాగి చిక్కిపోయిన అక్కకీ తగ్గలా. అయినా అక్క బడికి పోయింది, నేను ఇంట్లో ఉండిపోయినా. సాయంత్రం రాగానే నా పక్కన పడి పాఠమంతా చెవిలో చెప్పేది. నిద్రపోతే గిల్లి మళ్లీ చెప్పేది. నాకు సంతకం దాకా వచ్చింది, అంతే. మీ తాత పోయినప్పుడు కూడా అట్నే వచ్చి పక్కన పడుకునింది. ఇప్పుడు గిల్లేదానికి ఎవరుండారు?

నవ్వబాకు మే. నీకు నొప్పొస్తే డాక్టరమ్మ కాడికే పోదాం, బడి మాత్రం మానబాకు. నేను చెప్పినట్టే రాసినావా, నీ సోకు మాటలేమన్నా కలిపినావా? ఏదీ, పైనించి గట్టిగా చదువు, వింటా.